ఉల్లిపొరలో హరితరేణువులు ఏవి?

మొన్న ఆదివారం పాత సూక్ష్మదర్శినిని బయటికి తీసి, ఉల్లిపాయ రేకు లోపలి వైపు నుంచి పలుచని పొరను ఒలిచి, నీటిచుక్కలో పరిచి, శాఫ్రనిన్ అనే ఎర్రరంగు చుక్క వేసి మా అమ్మాయికి చూపించాను. ఇటుకలు పేర్చినట్లు వరుసగా ఉన్న కణాలను కాసేపు పరిశీలించి, ఆమె మొదట అడిగింది, "హరితరేణువులు ఏవి నాన్నా?" అని.

అడగడంలో తప్పేమీ లేదు. పుస్తకంలోని వృక్షకణం పటంలో కణకవచం, ప్లాస్మాపొర, కేంద్రకం, రిక్తిక, మైటోకాండ్రియా, హరితరేణువులు అన్నీ ఒక్కచోటే కనిపిస్తాయి. నిజానికి ఉల్లిగడ్డ నేలలో ఉండి ఆహారాన్ని నిల్వ చేసుకునే భాగం కనుక, వెలుతురు సోకని ఆ రేకులకు, వెలుతురుతో ఆహారం తయారుచేసే హరితరేణువులతో పని లేదు. వాటినే చూడాలంటే హైడ్రిల్లా ఆకును నీటిచుక్కలో పెట్టాలి. రంగు వేయనక్కరలేదు, కణద్రవ్యంతో పాటు ఆ పచ్చని రేణువులు కణం అంచు వెంబడి మెల్లగా ప్రవహించడం కూడా ఒక్కోసారి కనిపిస్తుంది.

ఉల్లిపొరలో మధ్య భాగమంతా ద్రవం నిండిన సంచి లాంటి రిక్తిక ఆక్రమించుకోవడం వల్ల కేంద్రకం ఒక అంచుకు ఒదిగి ఉంటుంది. రంగు వేయకపోతే అది దాదాపు కనిపించదు. అందుకే 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాలలో దానిని గమనించి పేరు పెట్టడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. అంతకు ముందు 1665లో రాబర్ట్ హుక్ బెండులో చూసినవి చచ్చిన కణాల గోడలు మాత్రమే. చిన్న గది అన్న అర్థంలో ఆయన పెట్టిన 'సెల్' అన్న పేరు ఆ ఖాళీకి సరిగ్గా అతికింది. మన 'కణం' అన్న మాటలో ఆ గది లేదు, రేణువే ఉంది.

తరువాత చెంప లోపలి నుంచి సున్నితంగా గీకి తీసిన కణాలను మిథిలిన్ బ్లూ అనే నీలిరంగు వేసి చూశాం. బయటి గట్టి గోడ, అంటే కణకవచం, లేని జంతుకణాలు కనుక వాటికి ఉల్లికణాల కచ్చితమైన ఆకారం లేదు, అంచులు మడతలు పడి ఉన్నాయి. చివరికి బాగా పలుచన చేసిన మజ్జిగ చుక్కలో, 400 రెట్ల వృద్ధిలో, సన్నని కడ్డీలుగా, చుక్కల గొలుసులుగా బాక్టీరియా కనిపించాయి. ఇవి కేంద్రకపూర్వ కణాలు. వీటి డీఎన్ఏ చుట్టూ పొర ఉండదు. పక్కన తేలే వెన్న బిందువులను బాక్టీరియా అనుకుని నేనే ఒకసారి పొరబడ్డాను.

"ఇంకా పెద్దదిగా చూస్తే రైబోజోములు కనిపిస్తాయా?" అన్నది ఆమె తరువాతి ప్రశ్న. కణంలో ప్రోటీన్లు తయారుచేసే ఆ రేణువులు కనిపించవు. కాంతి సూక్ష్మదర్శిని సుమారు 0.2 మైక్రోమీటర్ల కంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులను విడదీసి చూపలేదని 1873లో ఎర్నెస్ట్ అబే సిద్ధాంతం చెప్పింది. ఆ పరిమితి దాటాక ఎంత పెంచినా మసకే పెద్దదవుతుంది. రైబోజోము దాదాపు 25 నానోమీటర్లే, అంటే 0.025 మైక్రోమీటర్లు. దానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. అయితే సాధారణంగా అందులో నమూనాను శూన్యంలో ఉంచవలసి రావడంతో బతికి ఉన్న కణాన్ని చూడలేం.

రికార్డులో ఆమె ఉల్లికణాలను హరితరేణువులు లేకుండానే గీసి, కింద '10 × 40' అని, అంటే కంటి కటకం, వస్తు కటకం పెంచే రెట్లను, రాసింది.