శ్రీసిటీ చుట్టుపక్కల పనికి వచ్చేవాళ్లు నిజంగా ఎంతమంది?

శ్రీసిటీ అంటే తిరుపతి జిల్లాలో తమిళనాడు సరిహద్దును ఆనుకున్న పారిశ్రామిక నగరం. అక్కడ కొత్త ఫ్యాక్టరీ యూనిట్ పెట్టేవాళ్ల రిపోర్టుల్లో శ్రీసిటీ నడిబొడ్డున చుక్క పెట్టి, 40 కిలోమీటర్ల వృత్తం గీసి, లోపలి జనాభా అంతా కూడేస్తారు. ఆ వృత్తంలో తూర్పున పెద్ద ముక్క పులికాట్ సరస్సు, ఆ వెనక సముద్రం. చేపలు షిఫ్టుకి రావు. దక్షిణాన ఆరంబాకం దాటితే గుమ్మిడిపూండి సిప్‌కాట్ (తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికవాడ), అక్కడివాళ్లకు పని ఊళ్లోనే ఉంది. మిగిలేది హైవే వెంబడి తడ, సూళ్లూరుపేట, నాయుడుపేట. లోపలికి వరదయ్యపాళెం, సత్యవేడు, బుచ్చినాయుడు కండ్రిగ.

కాబట్టి దూరం వదిలేసి బస్సు టైము చూడాలి. హైవే మీద 35 కిలోమీటర్లకు 45 నిమిషాలు అనుకుందాం. 12 స్టాపుల్లో రెండేసి నిమిషాలు ఆగితే ఇంకో 24. ఊళ్లోకి వెళ్లి మళ్లీ హైవే ఎక్కడానికి 15. ఉదయం 6 గంటల షిఫ్టుకి 5:45కి గేటు దగ్గర దించాలంటే మొదటి స్టాపులో 4:20కే ఎక్కించుకోవాలి. పిల్లలకు వండిపెట్టి రావాల్సిన ఆవిడ ఆ టైముకి ఎన్నాళ్లు వస్తుంది? ఒక్క పొడవాటి రూటు బదులు ఐదారు స్టాపుల రూట్లు రెండు వేస్తే డీజిల్ ఖర్చు పెరుగుతుంది గానీ మనుషులు నిలబడతారు. రైలు మీద మరీ ఆశ వద్దు: చెన్నై సబర్బన్ బళ్లు ఎక్కువ గుమ్మిడిపూండి దగ్గరే ఆగిపోతాయి, సూళ్లూరుపేట దాకా వచ్చేవి కొన్నే.

ఇక అంకెలు. 2011 జనాభా లెక్కల్లో సత్యవేడు వైపు చిత్తూరు జిల్లాలో, తడ, సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలో ఉంటాయి. ఇవన్నీ ఇప్పుడున్న తిరుపతి జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది. అందుకే రెండు పాత జిల్లాల మండల పట్టికలు తీసుకుని కలుపుకోవాలి. అందులో 6 నెలలకు తక్కువ పని చేసినవాళ్లు 'మార్జినల్ వర్కర్లు', అసలు చేయనివాళ్లు 'నాన్ వర్కర్లు'. ఫ్యాక్టరీకి వచ్చే ఆడవాళ్లు ఎక్కువగా ఈ రెండు గడుల్లోంచి, వ్యవసాయ కూలీల్లోంచి వస్తారు. 'నిరుద్యోగుల' అంకె పట్టుకుని కూర్చుంటే వీళ్లు కనబడరు. కేంద్రం చేసే ఉపాధి, నిరుద్యోగ సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) రాష్ట్రం తీరు చెబుతుంది గానీ మండలం లెక్కకు దాని శాంపిల్ చాలదు. పాత లెక్కను సరిచూసుకోవడానికి ఊరి ఓటర్ల జాబితా మేలు, వయసు, స్త్రీ పురుష వివరం ఉంటుంది. కాకపోతే చెన్నై, బెంగళూరు వెళ్లిపోయినవాళ్ల పేర్లూ అందులోనే ఉంటాయి.

తీసివేతలు ఇలా సాగుతాయి (అంకెలు ఊహించినవే, వరస ముఖ్యం). నాలుగైదు ఊళ్ల జాబితాలో 18–35 ఏళ్లవాళ్లు 3,000. ఊరు వదిలినవాళ్లు 600, చదువుతున్నవాళ్లు 500, ఇప్పటికే ఏదో కంపెనీ బస్సెక్కేవాళ్లు 500 పోతే 1,400. సొంత పని వదలనివాళ్లు, ఇంట్లో ఒప్పుకోనివాళ్లు సగం తీసేస్తే 700. సర్టిఫికెట్లు, వయసు రుజువు సరిపోయేవాళ్లు 450. మూడు నెలల తర్వాత మిగిలేది 250 ఉంటే సంతోషించాలి.

అసలు పొరపాటు ఇంకోటి. దగ్గర్లోని మాంబట్టు, మేనకూరు పారిశ్రామికవాడల కంపెనీలు, శ్రీసిటీ కంపెనీలు అన్నీ ఎవరి వృత్తం వాళ్లు గీసుకుని అదే సూళ్లూరుపేటను లెక్కేసుకుంటాయి. తెల్లవారుజామున 4:30 నుంచి 5:30 దాకా సూళ్లూరుపేట బైపాస్‌లో నిలబడి కంపెనీ బస్సులు, వాటిలో ఖాళీ సీట్లు లెక్కపెడితే ఏ కన్సల్టెంటూ చెప్పనిది తెలుస్తుంది. సీట్లు ఖాళీగా పోతున్నాయంటే మనుషులు లేరనో, జీతం చాలడం లేదనో అర్థం.

సర్వే నెల కూడా చూసుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో వేట నిషేధం, పైగా ఎండాకాలం ఉపాధి పనులు. అప్పుడు పేరిచ్చిన మత్స్యకార కుర్రాళ్లు జూన్ చివర్లో మళ్లీ పడవెక్కుతారు. వరి నాట్లప్పుడు, కోతలప్పుడు కూలి రేటు పెరిగి గైర్హాజరు పెరుగుతుంది. అక్టోబర్–డిసెంబర్ వానల్లో కాళంగి నది పొంగితే కొన్ని రూట్లు ఆగిపోతాయి, ఆ రోజుల కోసం పక్కదారి ముందే చూసిపెట్టుకోవాలి.

ఇన్ని తీసివేతల తర్వాత కూడా మనుషులు చాలకపోతే బస్సు రూటు ఇంకా పొడిగించకండి. హాస్టల్ కట్టి దూరం జిల్లాలవాళ్లను తెచ్చుకోవడమే దారి. దాని బడ్జెట్ మొదటి రోజు నుంచే విడిగా రాసుకోండి.