బ్యాంకాక్‌లో బేరం ఆడకండి, మీటర్ వేయించండి

రావులపాలెం సెంటర్లో ఆటో ఎక్కే ముందు "ఎంత తీసుకుంటావ్?" అని అడగడం మన కోనసీమ వాళ్లకి పుట్టుకతో వచ్చిన అలవాటు. బ్యాంకాక్‌లో ఆ అలవాటే జేబుకి చిల్లు పెడుతుంది. అక్కడ టాక్సీకి మీటరుంది, మీటర్ రేటు చవక. రేటు అడిగామంటే మీటర్ అక్కర్లేదని మనమే చెప్పినట్టు. అమలాపురం నుంచి వెళ్లిన మేం నలుగురం తిరిగినదంతా మీటర్ మీదే.

సువర్ణభూమి ఎయిర్‌పోర్టులో సామాను తీసుకుని బయటికొచ్చేది రెండో అంతస్తులో. అక్కడ "టాక్సీ, టాక్సీ" అంటూ వెంటపడేవాళ్లకి తల అడ్డంగా ఊపి ఒకటో అంతస్తుకి దిగిపోండి. గుమ్మం బయట టచ్ స్క్రీన్ మెషిన్లుంటాయి. నొక్కితే చీటీ వస్తుంది. దాని మీద పెద్దగా కనిపించే అంకె లేన్ నంబరు, ఆ లేన్లో నిలబడ్డ బండే మనది. ఆ చీటీలో బండి, డ్రైవర్ వివరాలుంటాయి కాబట్టి డ్రైవర్ అడిగినా ఇవ్వొద్దు. సీట్లో ఫోన్ మర్చిపోయినా, డబ్బుల దగ్గర పేచీ వచ్చినా అదే ఆధారం. ఫిర్యాదు చెయ్యాల్సిన నంబరు 1584.

బండి కదలగానే మీటర్ చూడండి. మామూలు కారైతే ఎర్ర అంకెల్లో 35 కనబడాలి. ఎయిర్‌పోర్టు నుంచి ఎక్కితే మీటర్ మీద ఇంకో 50 బాట్లు ఇవ్వాలి, అది మోసం కాదు, రూలే. మీటర్ 300 చూపిస్తే ఇవ్వాల్సింది 350. ఎక్స్‌ప్రెస్‌వే ఎక్కితే టోల్ కూడా మనదే, గేటు దగ్గర అప్పటికప్పుడు చేతికిస్తాం. పగటిపూట ఎక్స్‌ప్రెస్‌వే మీదే వెళ్లమని డ్రైవర్‌కి చెప్పండి. ట్రాఫిక్‌లో ఆగినా మీటర్ తిరుగుతూనే ఉంటుంది మరి. 20, 50, 100 నోట్లు దగ్గరుంచుకోండి. వెయ్యి నోటు తీస్తే చిల్లర లేదంటారు.

రోడ్డు మీద టాక్సీ ఆపేటప్పుడు ముందు అద్దంలో ఎర్ర లైటు వెలుగుతుంటే బండి ఖాళీ అని అర్థం. ఎరుపంటే కుదరదనుకుని వదిలేస్తాం మనం. మనం వెళ్లాల్సిన వైపే నిలబడి ఎక్కండి, యూ టర్న్ ఎక్కడో దూరాన ఉంటుంది. మధ్యాహ్నం మూడు దాటాక చాలామంది రామంటారు, అద్దె బండి షిఫ్టు మార్చే వేళ అది. వాళ్లతో వాదన దండగ, తలుపు మూసి ఇంకోటి ఆపండి.

హోటల్ కార్డు థాయ్ లిపిలో ఉన్నది తీసుకోండి. ఇంగ్లీషు అడ్రస్ చాలామంది డ్రైవర్లు చదవలేరు. సుఖుమ్విత్ రోడ్డు సందుల్ని సోయ్ అంటారు. బేసి నంబర్లు ఒకవైపు, సరి నంబర్లు ఇంకోవైపు ఉంటాయి. నంబరు సరిగ్గా చెప్పకపోతే రోడ్డుకి అవతలి పక్క తేలతాం.

రాజప్రాసాదానికి మాత్రం టాక్సీ కన్నా బోటు మేలు. గోదావరి రేవుల్లో పెరిగినవాళ్లకి అది చెప్పక్కర్లేదు. సఫాన్ తాక్సిన్ రైలు స్టేషన్ మెట్లు దిగితే సాథోర్న్ రేవు, అక్కడ ఎక్కి తా చాంగ్ రేవులో దిగితే ప్రాసాదం నడిచేంత దూరమే. దారిలో ఎవరైనా "ఇవాళ మూసేశారు" అని టుక్‌టుక్ ఎక్కించబోతే ఆగకండి, అది రత్నాల కొట్టుకి తీసుకెళ్లే ఎత్తు. తిరిగొచ్చేటప్పుడు ప్రాసాదం గోడ పక్కన ఆగి ఉన్న టాక్సీలు మీటర్ వెయ్యవు. కాస్త దూరం నడిచి, రోడ్డు మీద కదిలి వస్తున్న బండిని ఆపండి.