ఆనుకోవడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది

కాంటాక్ట్ ఇంప్రొవైజేషన్ అంటే ఒకరి మీద ఒకరు బరువు ఆనించుకుంటూ, ముందే అనుకోకుండా అప్పటికప్పుడు కదిలే నాట్యం. ఆ క్లాసు మొదటి రోజు గంటసేపు ఎవరం ఎవరినీ ముట్టుకోలేదు. కళ్ళు మూసుకుని ఊరికే నిలబడమన్నారు. కదలకుండా ఉండటం కుదరని పని అని రెండు నిమిషాల్లోనే తెలిసింది. కాస్త ముందుకు ఒరిగితే కాలివేళ్ళు నేలను పట్టుకుంటున్నాయి, ఊపిరి పీలిస్తే నడుము సర్దుకుంటోంది. పడిపోకుండా ఒళ్ళు తనంతట తాను చేసుకునే ఈ సర్దుబాట్లకు, ఈ నాట్యాన్ని మొదలుపెట్టిన అమెరికన్ నర్తకుడు స్టీవ్ పాక్స్‌టన్ పెట్టిన పేరు 'స్మాల్ డాన్స్'.

ఆధునిక నృత్య దర్శకుడు మెర్స్ కన్నింగ్‌హామ్ బృందంలో నాట్యం చేసిన పాక్స్‌టన్, ఐకిడో అనే జపాన్ యుద్ధవిద్య కూడా నేర్చుకున్నారు. పడటం కూడా ఒక విద్యేనని ఐకిడో చెబుతుంది. 1972లో అమెరికాలోని ఓబర్లిన్ కాలేజీలో ఆయన మగ విద్యార్థులతో 'మెగ్నీషియం' అనే నాట్యం ప్రదర్శించారు. మ్యాట్ మీద ఢీకొన్నారు, పడ్డారు, దొర్లారు, చివర్లో ఇలాగే నిలబడిపోయారు. అది చూసిన విద్యార్థిని నాన్సీ స్టార్క్ స్మిత్, ఆడవాళ్ళతో చేసేటప్పుడు తననూ పిలవమని అడిగారట. అదే ఏడాది న్యూయార్క్‌లో జాన్ వెబర్ గ్యాలరీలో జరిగిన ప్రదర్శనల్లో ఆవిడా ఉన్నారు. ఆ అడగడం నాకు చాలా ఇష్టం.

నా కష్టమంతా బరువు ఇవ్వడంలోనే. వీపుకు వీపు ఆనించి నిలబడ్డాం. నేను పూర్తిగా ఆనుకున్నాననే అనుకున్నాను. నా జోడీ మెల్లగా పక్కకు తప్పుకుంది. నేను పడలేదు. "పడలేదంటే మీరు బరువు ఇవ్వనట్టే" అన్నారు టీచర్. ఎదుటివారికి భారం అవుతానేమోనన్న టెన్షన్‌తో నా బరువంతా నేనే మోసుకుంటున్నాను.

ఒకసారి జారుతూ జోడీ చొక్కా గట్టిగా పట్టుకున్నాను. ఇద్దరం దబ్బున పడ్డాం, ఆమె మోచేయి కొట్టుకుపోయింది. చేత్తో పట్టుకుంటే ఎదుటివారికి తప్పించుకునే దారి ఉండదని అప్పుడు తెలిసింది. తరవాత రెండు వారాలు పడటమే సాధన చేశాను. గడ్డం లోపలికి, ముంజేయి, భుజం, వీపు వరసగా నేలకు తగలాలి. మోకాళ్ళకు ప్యాడ్లు ఉంటే మంచిది.

మూడో నెలలో మొదటిసారి జామ్‌కు, అంటే పాఠం లేకుండా అందరూ కలిసి నాట్యం చేసుకునే చోటికి, వెళ్ళాను. సంగీతం లేదు. ఎవరితోనైనా కలవొచ్చు, వద్దనుకుంటే మధ్యలో వెళ్ళిపోవచ్చు. అరగంట గోడ పక్కనే కూర్చున్నాను. ఆ తరవాత నాకంటే బాగా పొడవైన ఒకాయనతో కలిశాను. భుజాలు, పక్కటెముకలు ఆనించుకుంటూ తిరిగాం. ఒక క్షణంలో నేను మోకాళ్ళు వంచి ఆయన నడుము కిందికి వెళ్ళాను. ఆయన నా తుంటి మీదుగా వీపు మీదికి వచ్చేశారు. ఎత్తానన్న శ్రమే లేదు. నా అరికాళ్ళు మాత్రం అటూ ఇటూ సర్దుకుంటూనే ఉన్నాయి, మొదటి రోజులాగే.