డొమినార్‌కి కొత్త టైర్లు: నేను ఎలా ఎంచుకున్నానంటే

నా బజాజ్ డొమినార్ 400 బైకు వెనక టైరు మధ్యలో చదునైపోయింది. అంచుల దగ్గర గాడులు ఇంకా లోతుగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం చెయ్యి పెడితే నున్నగా తగులుతోంది. హైదరాబాద్ నుంచి విజయవాడ, కర్నూలు వైపు హైవేల మీద సామాను వేసుకుని తిన్నగా పోయే బండికి టైరు ఇలాగే అరుగుతుంది. గాడుల అడుగున అడ్డంగా చిన్న గట్లు ఉంటాయి. టైరు పక్కన టీడబ్ల్యూఐ (అరుగుదల గుర్తు) అనో, చిన్న త్రికోణమో ఉన్నచోట వెతికితే కనిపిస్తాయి. చుట్టూ ఉన్న రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే టైరు మార్చాల్సిందే. నా టైరు అక్కడికి వచ్చేసింది.

హైవే మీద ఈ తేడా తెలియలేదు. నల్లమలలో శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే తెలిసింది. మలుపులో బండిని వంచబోతే ముందు ససేమిరా అంటుంది. ఇంకాస్త బలం పెడితే ఆ చదును అంచు దాటి ఒక్కసారిగా పక్కకు పడుతుంది. మొదట గమనించింది వెనక కూర్చున్న మా ఆవిడే. "ఏంటండీ, మలుపు వచ్చినప్పుడల్లా బండి జారుతున్నట్టుంది" అంది. జారడం లేదు, కానీ ఆమెకు అలా అనిపించడంలో తప్పేం లేదు. వానాకాలంలో ఆ టైరుతో అరకు వైపు వెళ్ళకూడదని అప్పుడే అనుకున్నాను.

ముందు టైరు గాడులు చూస్తే ఇంకొన్నాళ్ళు వస్తుందనిపించింది. ముందుది వెనకదానికంటే చాలా నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి చాలామంది వెనకది ఒక్కటే మారుస్తారు. నేను గాడుల మీద వేలు పెట్టి ఒక దిశలో రాసి చూశాను, నున్నగా పోయింది. రెండో దిశలో రాస్తే ప్రతి దిమ్మ అంచూ వేలికి తగిలింది. బ్రేకులు పడీ పడీ అలా మెట్లు మెట్లుగా అరిగిందన్నమాట. పక్క గోడల మీద సన్నటి పగుళ్ళు కూడా ఉన్నాయి, రబ్బరు ఎండిపోయింది. వానలో బ్రేకు వేస్తే బండిని ఎక్కువగా ఆపేది ముందు చక్రమే. అందుకే రెండూ మార్చాలని నిర్ణయించుకున్నాను.

సైజు విషయంలో నాకు అనుమానం లేదు. ముందు 110/70 ఆర్17, వెనక 150/60 ఆర్17 (మొదటి అంకె మిల్లీమీటర్లలో వెడల్పు), రెండూ ట్యూబ్‌లెస్ రేడియల్స్, అంటే లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా ఉండే రకం. అయినా మొదట వెళ్ళిన షాపులో అసలు చర్చంతా సైజు మీదే నడిచింది. "అన్నా, 160 వేయించుకో, ఎనక నుంచి చూస్తే బండి మస్తుంటది" అన్నాడు అక్కడి కుర్రాడు. చూడ్డానికి బాగుంటుంది, నిజమే. కానీ ఈ బండి రిమ్ముకి అంత వెడల్పు టైరు ఎక్కిస్తే రెండు పక్కలా లోపలికి నొక్కుకుని, మధ్యభాగం ఉండాల్సినదానికంటే ఎక్కువ గుండ్రంగా తేలుతుంది. అప్పుడు ఆ వెడల్పంతా పేరుకే, రోడ్డుకి ఆనేది తక్కువ. టూరింగ్ బండికి కంపెనీ ఇచ్చిన సైజు మార్చొద్దని నా గట్టి అభిప్రాయం.

సైజు పక్కనే ఉండే చిన్న అంకె, అక్షరం చాలామంది చూడరు. వెనకదాని మీద 66 హెచ్, ముందుదాని మీద 54 హెచ్ ఉండాలి. 66 అంటే ఆ టైరు 300 కిలోలు మోయగలదని, 54 అంటే 212 కిలోలని. హెచ్ అంటే గంటకు 210 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుందని. బండి బరువే 190 కిలోల దాకా ఉంటుంది. మేమిద్దరం, రెండు పక్కలా బ్యాగులు కలిపితే మరో 170 దాకా వస్తుంది. ఆ బరువులో పెద్ద వాటా వెనక చక్రానిదే. మే నెల ఎండలో కాలిపోతున్న రోడ్డు మీద గంటల తరబడి నడిపేటప్పుడు ఈ అంకెలు తక్కువున్న టైరు చవగ్గా వచ్చినా నాకొద్దు.

ఇక ఏ టైరన్నది అసలు తలనొప్పి. బండితో వచ్చిన ఎంఆర్‌ఎఫ్ రేడియల్స్ మళ్ళీ వేయించుకోవచ్చు. వాటి మీద నాకు ఫిర్యాదు లేదు, ధర కూడా అందుబాటులోనే ఉంది. మెట్జెలర్ ఎం5 పట్టు గురించి తోటి రైడర్లు తెగ పొగిడారు. మలుపుల్లో సరదాగా నడిపేవాళ్ళకు అది సరైనదే. కానీ మెత్తటి రబ్బరు బాగా పట్టుకుంటుంది, అంతే త్వరగా అరుగుతుంది. నా బండి నడిచేదంతా హైవే మీద, మళ్ళీ మధ్యలోనే అరిగి చదునవుతుంది. పైగా షాపులో చెప్పిన ధర ఎంఆర్‌ఎఫ్‌కి దాదాపు రెట్టింపు. మిషెలిన్ పైలట్ స్ట్రీట్ రేడియల్ ఈ రెంటికీ మధ్యలో ఉంది. నాకు కావాల్సింది తడి రోడ్డు మీద నమ్మకం, బరువుతో ఎక్కువకాలం మన్నిక. ఎండ రోడ్డు మీద మోకాలు ఆనేంతగా వంచే పట్టు నాకు అక్కర్లేదు. అందుకే మిషెలిన్ జత తీసుకున్నాను. ముందొక రకం, వెనకొక రకం వేయకుండా ఒకే జత వేయించుకుంటే బండి వంగే తీరు ముందూ వెనకా ఒకేలా ఉంటుంది.

కొనేటప్పుడు ఒక గొడవైంది. షాపువాళ్ళు తెచ్చిన వెనక టైరు మీద డాట్ అనే అక్షరాల తర్వాత చివరి నాలుగు అంకెలు 1122 అని ఉన్నాయి. అంటే 2022లో పదకొండో వారంలో తయారైంది. "కొత్తదే సార్, కవరు కూడా తియ్యలే" అన్నారు. వాడకపోయినా రబ్బరు గట్టిపడుతూనే ఉంటుంది. తడిలో పట్టు పోయేది దానివల్లే. తీసుకోనన్నాను. ఇంకో షాపులో నేను కొన్న ఏడాదిలోనే తయారైన జత దొరికింది. పక్కనే ఐఎస్ఐ గుర్తు, టూవీలర్ టైర్ల ప్రమాణమైన ఐఎస్ 15627 నంబరు కూడా చూసుకున్నాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది కదా, బిల్లులో అది సరిగ్గా పడిందో లేదో కూడా చూడండి.

బిగించేటప్పుడు పక్కనే నిలబడ్డాను. పాత వాల్వులు తీయించి కొత్తవి వేయించాను. చిన్న ఖర్చే, కానీ గాలి దిగిపోయేది చాలాసార్లు అక్కడినుంచే. టైరు మీది బాణం గుర్తు చక్రం తిరిగే వైపుకే ఉందని చూసుకున్నాను. అంచుకు సబ్బునీళ్ళు రాసి గాలి కొడితే ముందు ఒక పక్క, తర్వాత రెండో పక్క టప్పుమని కూర్చున్నాయి. రిమ్ము దగ్గర టైరు మీద సన్నటి గీత ఒకటి ఉంటుంది. అది చుట్టూ ఒకే ఎత్తులో కనబడితేనే టైరు సరిగ్గా కూర్చున్నట్టు. ముందు చక్రానికి ఒకచోట ఆ గీత కొంచెం లోపలికి పోయి కనిపించింది. "భాయ్, ఇక్కడ ఒకసారి చూడండి" అంటే ఆయన విసుక్కోకుండా గాలి తీసి, మళ్ళీ సబ్బునీళ్ళు రాసి కూర్చోబెట్టాడు. తర్వాత బ్యాలెన్సింగ్ చేసి వెయిట్లు అంటించాడు.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది. అందుకే మొదటి 150 కిలోమీటర్లు గట్టి బ్రేకులు, బాగా వంచడం మానేసి, ఊళ్ళోనే కొద్దికొద్దిగా వంపు పెంచుకుంటూ నడిపాను. గాలి పొద్దున్నే, బండి తీయకముందే చూస్తాను. వేడెక్కాక చూస్తే గేజి ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే మర్నాటికి తక్కువవుతుంది. ఇద్దరం సామానుతో వెళ్ళేటప్పుడు మాన్యువల్‌లో ఇద్దరికని ఇచ్చిన అంకె పెడతాను.

ఆ తర్వాత మారేడుమిల్లి వెళ్ళాం. రంపచోడవరం దాటగానే వాన పట్టుకుంది, రోడ్డంతా తడి ఆకులు. మలుపుల్లో బండి అడిగినంతే వంగింది, మధ్యలో ఎక్కడా తటపటాయించలేదు. మా ఆవిడ దారంతా అడవి గురించే మాట్లాడింది, బండి ఊసే ఎత్తలేదు. ఇంటికొచ్చాక మళ్ళీ గాలి చూసి, రెండు టైర్ల డాట్ నంబర్లు బిల్లు వెనక రాసి ఆర్సీతో పాటు పెట్టాను. వారంటీ అడగాల్సి వస్తే అవి ఉపయోగపడతాయి.