కోరాపుట్ దిగుడులో నా ఎలక్ట్రిక్ స్కేట్‌బోర్డు

మా కోరాపుట్‌లో చదునైన రోడ్డు కావాలంటే వెతుక్కోవాలి. సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. జగన్నాథుడి గుడి కూడా గుట్ట మీదే. మా ఇల్లు ఎగువన ఉంది, గేటు దాటితే దిగుడే. సొంతంగా స్కేట్‌బోర్డు చేసుకునేవాళ్లు సాధారణంగా స్పీడు లెక్కతో మొదలుపెడతారు. నేను బ్రేకుతో మొదలుపెట్టాను.

బోర్డు సంగతి టూకీగా చెప్పేస్తాను. ప్లైవుడ్ పొరలు జిగురుతో అతికించి చేసిన డెక్. 18650 రకం లిథియం-అయాన్ సెల్లు 30, పది సిరీస్‌లో, మూడేసి ప్యారలల్‌గా. అంటే సగటున 36 వోల్టులు, 7.5 ఆంపియర్ అవర్లు, 270 వాట్ అవర్లు. వెనక చక్రానికి ఒక బ్రష్‌లెస్ మోటారు, బెల్టు, పుల్లీలు. మోటారుకి ఎంత కరెంటు వెళ్లాలో చూసే కంట్రోలర్ వెస్క్. స్వీడన్ ఇంజినీరు బెంజమిన్ వెడ్డర్ డిజైన్ చేసి, సర్క్యూటూ కోడూ అందరికీ ఇచ్చేసిన కంట్రోలర్ అది. ఏ అంకె కావాలన్నా మనమే మార్చుకోవచ్చు. ఆయనకి నేను చాలా రుణపడి ఉన్నాను.

మోటారు బ్రాకెట్ మాత్రం సాలూరులో చేయించాను. మా చిన్నాన్నకి అక్కడ లారీ పనుల షెడ్డు ఉంది. ఆయన బోర్డు తిరగేసి, చక్రం చేత్తో తిప్పి చూసి, "ఎగువకి లాగుతాదిలేరా, దిగువకెలా ఆగుతాది? బ్రేకు డ్రమ్మేదీ?" అన్నాడు. ఘాటీలో లారీలు నడిపిన మనిషి అడగాల్సిన ప్రశ్నే అది.

డ్రమ్ము లేదు, మోటారే బ్రేకు. రిమోట్ వెనక్కి తిప్పితే అదే మోటారు జనరేటర్ అయి చక్రాన్ని పట్టి ఉంచుతుంది, పుట్టిన కరెంటు బ్యాటరీలోకి వెళ్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. సెల్లు 4.2 వోల్టుల దాకా నిండా చార్జ్ చేసుకుని మా గేటు ముందు నుంచి దిగడం మొదలుపెడితే, వచ్చే కరెంటుకి బ్యాటరీలో చోటు ఉండదు. ఓల్టేజీ హద్దు దాటగానే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) తన పని తాను చేస్తుంది, లైను కట్ చేస్తుంది. సెల్లు క్షేమం, కానీ బ్రేకు అక్కడికక్కడ పోతుంది, అదీ దిగుడు మధ్యలో!

ఎంత చోటు వదిలితే చాలు? నేనూ బోర్డూ కలిపి 75 కిలోలు, దిగే ఎత్తు 50 మీటర్లు అనుకుందాం. లెక్క కడితే సుమారు 10 వాట్ అవర్లు. రాపిడికీ గాలికీ పోయేది పోగా తిరిగి వచ్చేది ఇంకా తక్కువ. 270లో అది నాలుగు శాతం లోపే. అందుకని సెల్లుకి 4.1 వోల్టుల దగ్గర, అంటే ప్యాకు మొత్తం 41 వోల్టులకి రాగానే చార్జింగ్ ఆపేస్తాను. దీనివల్ల కొంచెం దూరం తగ్గుతుంది, సెల్లు మాత్రం ఎక్కువ కాలం బతుకుతాయి. బ్యాటరీలోకి తిరిగి వెళ్లే కరెంటుని కూడా వెస్క్‌లో 8 ఆంపియర్లకి కట్టేశాను.

తర్వాతి మార్పు చక్రాలు. ముందు 90 మి.మీ. పాలియురెథేన్ చక్రాలుండేవి. వాన వెలిసాక మా రోడ్ల మీద గుట్ట నుంచి కొట్టుకొచ్చిన గులకరాళ్లుంటాయి, చిన్న చక్రానికి ఒక్క రాయి అడ్డుపడినా మనిషి ముందుకి తూలిపోతాడు. 150 మి.మీ. గాలి టైర్లు వేశాను. చక్రం పెద్దదైతే లాగే బలం, ఆపే బలం రెండూ తగ్గుతాయి, అందుకని పుల్లీలూ మార్చాలి. నాది వోల్టుకి నిమిషానికి 140 చుట్లు తిరిగే మోటారు. పాత పుల్లీలే (మోటారుకి 16, చక్రానికి 36 పళ్లు) ఉంచితే లెక్క ప్రకారం 63 కిలోమీటర్ల స్పీడు, ఎక్కుడులో మాత్రం నీరసం. 15, 60 పళ్లకి మారిస్తే స్పీడు 36 దగ్గర ఆగుతుంది, పట్టు చిన్న చక్రాల నాటికంటే కాస్త ఎక్కువే వస్తుంది. మా రోడ్లకి నా దృష్టిలో 36 కూడా ఎక్కువే.

ఇక బెల్టు. అది తెగితే బ్రేకూ తెగినట్టే. ఇంట్లోంచి తీసేముందు బోర్డు బోర్లించి, బెల్టుని బొటనవేలితో నొక్కి చూస్తాను. మరీ వదులుంటే గట్టిగా బ్రేకు పట్టినప్పుడు చిన్న పుల్లీ మీద పళ్లు జారుతాయి, టకటకమని చప్పుడొస్తుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న ఎర్రమట్టీ ఇసుకా పాత టూత్‌బ్రష్‌తో గీకి తీస్తాను. అమ్మ గుమ్మంలో నిలబడి "బెల్టు చూసుకున్నావా?" అని అడిగాకే కదులుతాను.

ఒక చక్రానికే బ్రేకు ఉండడం తడి రోడ్డు మీద చాలదు, ఆ ఒక్క టైరూ జారుతుంది. రెండో మోటారు తెప్పించాను. కుడివైపు బ్రాకెట్ చిన్నాన్న కోసి ఇస్తానన్నాడు. రెండు కంట్రోలర్లూ ఒకే ప్యాకులోకి కరెంటు తోస్తాయి కాబట్టి, అది బిగించిన రోజే ఒక్కోదానికీ హద్దు 8 నుంచి 4 ఆంపియర్లకి దించాలి.