ఓడతో మొదలైన పాఠం

బుధవారం, రాత్రి పదిన్నర

ఈరోజు డిగ్రీ ఫస్టియర్ పిల్లలకు పాశ్చాత్య తత్త్వశాస్త్రం మొదటి క్లాసు. ఏటా బోర్డు మీద తత్త్వమీమాంస, జ్ఞానమీమాంస, నీతిశాస్త్రం, తర్కం, సౌందర్యశాస్త్రం అని రాసి, ఒక్కోదానికి నిర్వచనం చెప్పేదాన్ని. పిల్లలు తలొంచుకుని రాసుకునేవాళ్లు. ఆ వంచిన తలలకు పాఠం చెప్పడం నాకెప్పుడూ బాధగానే ఉండేది. ఈసారి సుద్దముక్క ముట్టుకోకుండా ఓడ కథ ఎత్తుకున్నాను.

గ్రీకు పురాణాల వీరుడు థీసియస్ క్రీటు దీవి నుంచి పిల్లల్ని కాపాడి తెచ్చిన ఓడను ఏథెన్స్ వాళ్లు భద్రంగా దాచుకున్నారట. పుచ్చిన చెక్క తీసి కొత్త చెక్క వేస్తూ పోయారు. మరి అది అదే ఓడా? దీని మీద పండితుల మధ్య జరిగిన వాదన గురించి ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు.

వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి లేచాడు. "మా నాన్న ఆటో కూడా అంతే మేడమ్. ఇంజిన్ మార్చాం, టాపు మార్చాం, సీట్లు మార్చాం. ఛాసిస్ నంబరు అదే కాబట్టి బండి అదే."

క్లాసంతా నవ్వింది. కానీ వాడన్నది చిన్న మాటేం కాదు. "తీసేసిన పాత సామానంతా మెకానిక్ దాచిపెట్టి, దాంతో ఇంకో ఆటో కడితే?" అన్నాను. పాత చెక్కలతో రెండో ఓడ కడితే ఏది అసలుదని 1655లో ఇంగ్లీషు తత్త్వవేత్త హాబ్స్ వేసిన ప్రశ్నే ఇది. వాడు కూర్చోవడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

"అసలు అది థీసియస్ ఓడేనని వాళ్లకెలా తెలుసు?" ముందు వరుసలోంచి ఇంకొకరు. ప్లేటో కూడా 'ఏథెన్స్ వాళ్లు చెప్పుకునే ప్రకారం' అనే రాశాడని చెప్పాను. ఆ వస్తువు ఏమిటన్నది ఒక ప్రశ్న, అది మనకెలా తెలిసిందన్నది ఇంకో ప్రశ్న. అప్పుడు రాశాను బోర్డు మీద మొదటి రెండు పేర్లు, తత్త్వమీమాంస, జ్ఞానమీమాంస అని.

నాకెంతో ఇష్టమైన భాగం ఆ తర్వాతది. ఆ ఓడే ఏటా డెలోస్ దీవికి యాత్ర వెళ్లేది. అది తిరిగొచ్చేదాకా నగరంలో ఎవరికీ మరణశిక్ష అమలు చేయకూడదు. క్రీ.పూ. 399లో సోక్రటీస్‌కు శిక్ష పడ్డాక దాదాపు నెల రోజులు జైల్లో ఉన్నది అందుకే. ఆ రోజుల్లోనే స్నేహితుడు క్రీటో వచ్చి, కావలి వాళ్లతో మాట్లాడాను, పారిపోదాం రమ్మన్నాడు. "మీరైతే ఏం చేస్తారు?" అని అడిగాను. నీతిశాస్త్రం అడిగేదీ ఇదే.

"వెళ్లిపోవాలి మేడమ్. పిల్లలున్నారు కదా ఆయనకు" అంది ఒకమ్మాయి. క్రీటో కూడా సరిగ్గా ఆ మాటే అన్నాడని చెప్తే దాని మొహం వెలిగిపోయింది.

సోక్రటీస్ జవాబును మూడు వాక్యాలుగా రాశాను. మనకు అన్యాయం జరిగినా మనం అన్యాయం చేయకూడదు. ఒప్పందం తప్పడం అన్యాయం. డెబ్బై ఏళ్లు ఈ నగరం విడిచి వెళ్లలేదంటే, దీని చట్టాలకు లోబడతానని ఒప్పుకున్నట్టే. "ఈ మూడూ ఒప్పుకుంటే పారిపోకూడదనీ ఒప్పుకోవాలి. వద్దనుకుంటే ఎక్కడ తెంపుతారో చూడండి." తర్కం అంటే ఏమిటో అంతకంటే వివరించలేదు. సౌందర్యశాస్త్రానికి టైమే దొరకలేదు.

బెల్లు కొట్టేముందు, ఎప్పుడూ నోరు విప్పని పిల్ల చెయ్యెత్తింది. "మూడోది మేడమ్. ఆయన ఎప్పుడు ఒప్పుకున్నాడు? ఊరు వదలకపోతే ఒప్పుకున్నట్టేనా? మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, అది ఎవరు పెట్టిన రూలు?"

గొంతు కాస్త వణికింది. ఆ ప్రశ్న ఒక్క సోక్రటీస్ గురించే అనిపించలేదు. నేనూ అడగలేదు. "రేపు దీంతోనే మొదలుపెడదాం" అన్నాను. జవాబు చెప్పకుండా వచ్చేశానన్న దిగులు బస్సులో ఇంటిదాకా వెంట వచ్చింది.

భోజనాలయ్యాక పుస్తకాలు దించాను. 1748లో స్కాట్లండ్ తత్త్వవేత్త హ్యూమ్ రాసిన ఒక వ్యాసంలో జవాబు దొరికింది. అందులోనూ ఓడే! ఒక మనిషిని నిద్రలో ఉండగా ఓడలోకి చేర్చారు. దిగాలంటే సముద్రంలో దూకి చావాలి. అలాంటప్పుడు ఓడలో ఉండిపోయాడు కాబట్టి కెప్టెన్ పెత్తనానికి ఇష్టపడే ఒప్పుకున్నాడనడం ఎలా కుదురుతుందంటాడు హ్యూమ్.

ఆ భాగాన్ని తెలుగులో రాసిపెట్టుకున్నాను. పొద్దున్నే అందరికీ జిరాక్స్ తీయించాలి.