సీసాలో సుద్దపొడి

మన బడిలో వక్తృత్వ పోటీ అంటే అరిగిపోయిన అంశాలే. 'విజ్ఞానం మేలా, కీడా', 'కత్తి గొప్పదా, కలం గొప్పదా' ఏటేటా తిరిగి వచ్చేవి. మేం తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు, 2003 ఫిబ్రవరిలో, సోషల్ మాస్టారు బోర్డు మీద కొత్త ప్రశ్న రాశారు: 'ఇరాక్‌పై యుద్ధం న్యాయమేనా?' ఇరాక్ దగ్గర సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయంటూ అమెరికా, బ్రిటన్ దాడికి సిద్ధమవుతున్న రోజులవి; అప్పటికి యుద్ధం మొదలు కాలేదు. ఆయన పెట్టిన షరతు ఒక్కటే. "రేపేం జరుగుతుందో మీకూ తెలియదు, బుష్‌కూ తెలియదు. మాట్లాడే రోజుకు లోకానికి ఏం తెలుసో దానితోనే వాదించాలి."

ఈ సంచికకు ఏం రాయాలా అనుకుంటే ముందుగా గుర్తొచ్చింది ఆ షరతే.

యుద్ధం తరఫున మాట్లాడిన మిత్రుడి పేరు రాస్తే ఊరుకోడు కాబట్టి రాయను. ఫిబ్రవరి 5న ఐరాస భద్రతా మండలిలో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పవెల్ చిన్న సీసా పైకెత్తి, ఇంతపాటి ఆంత్రాక్స్ పొడి ఎంత ముప్పు తెస్తుందో చెప్పిన ఫొటో అన్ని పత్రికల్లోనూ వచ్చింది. మావాడు ఖాళీ సిరాబుడ్డిలో సుద్దపొడి నింపుకొని వచ్చి, అచ్చం అలాగే ఎత్తి పట్టుకున్నాడు. హాలంతా చప్పట్లు. మాస్టారు లేచి బుడ్డి తీసుకుని, మూత తిప్పి వాసన చూశారు. "ఇందులో ఏముంది?" "సుద్దపొడి సార్." "మరి ఆయన సీసాలో?" మావాడు నీళ్లు నమిలాడు. పవెల్ చూపించిందీ నమూనా మాత్రమే. ఆ ప్రసంగం తన చరిత్రలో మచ్చగా మిగిలిందని 2005లో ఆయనే ఒప్పుకున్నారు.

అయితే మావాడు అంత తేలిగ్గా లొంగే రకం కాదు. బుడ్డి పక్కన పెట్టేసి హలబ్జా ఎత్తుకున్నాడు. 1988 మార్చి 16న ఇరాక్ అధ్యక్షుడు సద్దాం సైన్యం ఆ కుర్దుల పట్టణం మీద విషవాయువు వదిలితే వేల మంది ప్రాణాలు పోయాయి. "సొంత జనాన్నే అలా చంపినవాడు ఆయుధాలు లేవంటే నమ్మాలా?" అన్నాడు. 2002 నవంబరులో, ఆయుధాలు వదులుకోవడానికి ఇరాక్‌కు చివరి అవకాశమిచ్చిన 1441వ తీర్మానానికి మండలిలోని 15 దేశాలూ, సిరియాతో సహా, చేయెత్తాయని గుర్తు చేశాడు. యుద్ధం వైపు ఉన్న అసలు బలం అదే. వ్యతిరేకించినవాళ్లలో చాలామంది హలబ్జా ప్రస్తావన వస్తే గబగబా దాటేసేవారు. అది నాకు అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు.

నేను ఎదుటి పక్షం. నాకు దొరికిన ఆసరా ఇరాక్‌లో ఐరాస ఆయుధ తనిఖీల పెద్ద హాన్స్ బ్లిక్స్. మిగిలిన పనికి ఏళ్లూ పట్టవు, వారాలూ చాలవు, నెలలు కావాలని మార్చి 7న ఆయన మండలికి చెప్పారు. ఇరాక్ నైజర్ నుంచి యురేనియం కొనబోయిందన్న కాగితాలు అసలైనవి కావని అదే రోజు అంతర్జాతీయ అణుశక్తి సంస్థ అధిపతి ఎల్‌బరాదీ తేల్చారు. ఇంకొన్ని నెలలు ఆగితే పోయేదేమిటని అడిగాను.

తుది పోటీ మార్చి 20న. ఆ ఉదయం ప్రార్థనకు ముందే బాగ్దాద్‌పై దాడి వార్త వచ్చింది. మొదలయ్యాక ఇంకా వాదనెందుకని ఉపాధ్యాయుల్లోనే కొందరు అన్నారు. బ్రిటన్‌లోనూ ఇదే ధోరణి కనిపించింది. ఫిబ్రవరి 15న లండన్ వీధులు నిండిపోయిన దేశంలోనే, సైనికులు రంగంలోకి దిగాక యుద్ధానికి మద్దతు పెరిగింది. మన మాస్టారు మాత్రం పోటీ ఆపలేదు. యుద్ధాన్ని వ్యతిరేకించి బ్రిటన్ మంత్రి పదవి వదులుకున్న రాబిన్ కుక్ మార్చి 17 రాత్రి అక్కడి పార్లమెంటు దిగువ సభ కామన్స్‌లో చెప్పిన మాటను మా ముందు పెట్టారు. సద్దాం బలహీనుడన్న లెక్కతో యుద్ధ వ్యూహం వేసుకుంటూ, అతను పెనుముప్పు కాబట్టి ముందే కొట్టాలని అనడం ఎలా కుదురుతుందన్నది కుక్ ప్రశ్న. సభ్యులు చప్పట్లు కొట్టారు. మర్నాడు 412–149 ఓట్లతో యుద్ధానికి సరేనన్నారు. అంతకుముందు, యుద్ధానికి తగిన కారణం ఇంకా రుజువు కాలేదన్న సవరణకు 217 ఓట్లు పడ్డాయి. అందులో 139 ప్రధాని బ్లెయిర్ సొంత పార్టీవే.

బహుమతి మావాడికే వచ్చింది. మాట తీరుకు మార్కులు వేశారే తప్ప వాదనకు కాదని ఇప్పటికీ అంటుంటాను.

ఆ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. ఆయుధాల నిల్వలు దొరకలేదు. ఏప్రిల్‌లో మన లోక్‌సభ యుద్ధానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది. సైన్యాన్ని పంపమని అమెరికా కోరితే, జులైలో మన ప్రభుత్వం కుదరదంది. దాంతో యుద్ధాన్ని సమర్థించినవాళ్లు కొత్త పల్లవి అందుకున్నారు: 'ఇప్పుడు ఎవరైనా చెబుతారు, అప్పుడు ఎవరికి తెలుసు?' మా తరగతి ఫోను గ్రూపులో మావాడిదీ అదే మాట. వినడానికి మాస్టారి షరతులాగే ఉంటుంది. కానీ ఆ షరతు ప్రకారం చూసినా వాళ్లే ఓడతారు. బ్లిక్స్ అడిగిన నెలలు, నకిలీ కాగితాలు, కుక్ ప్రశ్న... ఇవన్నీ యుద్ధానికి ముందే లోకం ముందున్నాయి. ఇరాక్ యుద్ధంలో బ్రిటన్ పాత్రపై జరిగిన అధికారిక విచారణ తర్వాత 2016 జులై 6న వెలువడిన చిల్కాట్ నివేదిక, ఆనాటికి యుద్ధం ఆఖరి మార్గం కాదని చెప్పింది. ఇరాక్‌లో అంతఃకలహాలు చెలరేగవచ్చన్న హెచ్చరికలు దాడికి ముందే అందాయనీ, అది గ్రహించడానికి వెనక్కి తిరిగి చూడనక్కర్లేదనీ చిల్కాట్ స్పష్టం చేశారు.

ఇది గ్రూపులో పెడితే మావాడు మళ్లీ హలబ్జాకే వెళ్లాడు. సద్దాం అక్కడే ఉండిపోతే కుర్దులకు ఎవరు దిక్కన్నాడు. 1988లో ఇరాన్‌తో యుద్ధంలో ఉన్న ఇరాక్ వైపే అమెరికా మొగ్గిందని నేను రాశాను. "అప్పుడు తప్పు చేశారని ఇప్పుడూ చేతులు కట్టుకోవాలా?" అని వెంటనే తిప్పికొట్టాడు. మంచి ప్రశ్నే. కాకపోతే బ్లెయిర్ సభను ఓటు అడిగింది కుర్దుల కోసం కాదు, ఆయుధాల పేరు మీద. హలబ్జా కోసమే అడిగి ఉంటే 412 మందిలో ఎంతమంది చేయెత్తేవారో చెప్పమన్నాను. మావాడి జవాబు ఇంకా రాలేదు.